బడి గంట కొట్టేలోపు: ఊరి పిల్లలకు పొద్దున టిఫిన్ ఎలా పెట్టాలి

మిర్చి కోతల కాలంలో మా ఊరి బడిలో ప్రార్థన జరుగుతుండగా ఓ పక్కన నిలబడి చూస్తే చాలు, ఎవరు తిని వచ్చారో ఎవరు తినలేదో తెలిసిపోతుంది. తినని పిల్లలు ప్రతిజ్ఞ సగంలో ఉండగానే పక్కవాడి భుజం మీదికి ఒరుగుతారు. ఒక్కోసారి ఎవరో ఒకరు కళ్లు తిరిగి అక్కడే కూర్చుండిపోతారు. ఇంట్లో బియ్యం లేక కాదు, రేషన్ బియ్యం ఉంటాయి. పొద్దున 6 గంటలకే కూలి ఆటో వస్తుంది, అమ్మానాన్నలిద్దరూ ఎక్కి వెళ్లిపోతారు. వండి పెట్టే మనిషి ఉండదు. రాత్రి అన్నం మిగిలితే అందులో ఇంత పచ్చడి, మిగలకపోతే టీలో ముంచుకుని రెండు బిస్కెట్లు. రాత్రి 8 గంటలకు తిన్న పిల్ల మళ్లీ మధ్యాహ్నం పన్నెండున్నరకు కంచం ముందు కూర్చుంటుంది. మధ్యలో పదహారు గంటలు దాటిపోతాయి.

ఈ ఖాళీని పూడ్చడం ఒక ఊరి చేతిలో ఉన్న పనే. పెద్ద సంస్థ అక్కర్లేదు. అయితే చెయ్యాల్సిన వరుస ఒకటి ఉంది. ఆ వరుస తెలియక మేం మొదటి ఏడాది చాలా తప్పులు చేశాం. మీరు అవి చెయ్యకూడదని ఇది రాస్తున్నాను.

సర్కారు ఏం పెడుతోందో ముందు తెలుసుకోండి

బడిలో వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుంచి అది అమల్లోకి వచ్చింది. ఇప్పుడు కేంద్ర పథకం పేరు పీఎం పోషణ్. ఒకటి నుంచి అయిదో తరగతి వరకు పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు. ఆరు నుంచి ఎనిమిది వరకు 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు. తొమ్మిది, పది తరగతులకు మన రెండు రాష్ట్రాలూ సొంత ఖర్చుతో పెడుతున్నాయి. పైన గుడ్లు కూడా ఇస్తున్నాయి.

ఇదంతా మధ్యాహ్నం సంగతి. పొద్దున కూడా అల్పాహారం ఇవ్వాలని 2020 జాతీయ విద్యా విధానంలో రాశారు. తమిళనాడు 2022 సెప్టెంబరులో ప్రాథమిక పాఠశాలల్లో మొదలుపెట్టి, మరుసటి ఏడాది రాష్ట్రమంతటా ఉన్న సర్కారు ప్రాథమిక బడులకు విస్తరించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 మార్చిలో వారానికి మూడు రోజులు రాగిజావ మొదలైంది. తెలంగాణలో 2023 అక్టోబరులో అల్పాహార పథకం ప్రారంభించారు. ఏ బడిలో ఏది నడుస్తోందో, ఏది ఆగిందో కాగితం మీద చూస్తే తెలియదు. మీ బడికి వెళ్లి వంట చేసే అక్కలను అడగండి. వారంలో మూడు రోజులు జావ వస్తుంటే మీ పని మిగతా మూడు రోజులదే. ఉన్నదానికి పోటీ పెట్టొద్దు.

ఆకలిని లెక్కించండి, కానీ చేతులు ఎత్తించొద్దు

"పొద్దున తినకుండా వచ్చిందెవరు?" అని తరగతిలో అడిగితే ఒక్క చెయ్యీ లేవదు. పిల్లలకు ఆకలి కన్నా సిగ్గు పెద్దది. మేం టీచరమ్మ సాయంతో చిన్న చీటీలు ఇచ్చి "ఈ రోజు పొద్దున ఏం తిన్నారు?" అని మాత్రం రాయమన్నాం. పేరు వద్దన్నాం. తరగతి ఒక్కటే రాయించాం. ఇలా పది రోజులు చేశాం. ఒకటి, రెండు తరగతుల పిల్లలు రాయలేరు కాబట్టి టీచర్ మాటల్లో పెట్టి తెలుసుకున్నారు. కూలి పనులు ముమ్మరంగా ఉన్న వారంలో ఒకసారి, పనులు లేని వారంలో ఇంకోసారి చెయ్యండి. రెండింటికీ చాలా తేడా వస్తుంది. మీ ఊరికి ఏడాదంతా కావాలో, కోతల నాలుగు నెలలు చాలో అప్పుడు తేలుతుంది.

లెక్క ఎంత వచ్చినా పెట్టేటప్పుడు మాత్రం బడికి వచ్చిన పిల్లలందరికీ పెట్టండి. తినని వాళ్లకే అని గీత గీస్తే ఆ వరుసలో కూర్చోవడానికి ఎవరూ రారు. ఇంట్లో తిని వచ్చిన పిల్లలు ఎలాగూ కొంచెమే తింటారు.

ఎవరితో మాట్లాడాలి

ముందు వంట చేసే అక్కలతో మాట్లాడండి. తర్వాత హెడ్‌మాస్టర్, ఆ తర్వాత బడి కమిటీ, సర్పంచ్. సాధారణంగా ఈ వరుస తలకిందులుగా జరుగుతుంది. పైన అన్నీ మాట్లాడుకుని చివరికి వంట అక్కల దగ్గరికి వచ్చి "రేపటి నుంచి గంటన్నర ముందు రావాలమ్మా" అంటారు. వాళ్లకూ ఇళ్లున్నాయి, పిల్లలున్నారు. కేంద్రం వంట కార్మికులకు నెలకు 1,000 రూపాయల గౌరవ వేతనాన్ని 2009లో ఖరారు చేసింది, అదీ ఏడాదికి పది నెలలకే. మన రాష్ట్రాలు తమ వాటా కలిపి 3,000 చేశాయి. ఇంత తక్కువకు పనిచేసే మనిషిని సేవ పేరుతో ఇంకో గంటన్నర ఉచితంగా చెయ్యమనడం న్యాయం కాదు. పొద్దున వంటకు విడిగా జీతం అనుకోండి, నెల మొదటి తారీఖున ఇవ్వండి. డబ్బులు సరిపోకపోతే ఇంకో దాతను వెతకండి, వాళ్ల జీతంలో కోత పెట్టకండి.

హెడ్‌మాస్టర్ దగ్గరికి రాతపూర్వకంగా వెళ్లండి. ఏం పెడతాం, ఎవరు వండుతారు, డబ్బు ఎక్కడిది, ఏదైనా జరిగితే ఎవరిది బాధ్యత, ఈ నాలుగూ ఒక పేజీలో రాయండి. బడి కమిటీలో తీర్మానం చేయించి మండల విద్యాధికారికి ఒక కాపీ ఇవ్వండి. బడి భోజనంలో ఊరివాళ్లు పాలుపంచుకోవడానికి పీఎం పోషణ్‌లోనే తిథి భోజనం అనే ఏర్పాటు ఉంది. పుట్టినరోజు, పెళ్లిరోజు, పెద్దల తద్దినం లాంటి రోజున దాతలు పిల్లలకు ప్రత్యేకంగా పెట్టుకోవచ్చు. మీ పని అంతకన్నా పెద్దది. కానీ అధికారులతో మాట్లాడేటప్పుడు ఆ మాటతో మొదలుపెడితే వాళ్లకు టెన్షన్ ఉండదు.

బడి వంటగదిని వాడుకోవాలంటే ఆ సరుకులు వేరు, మన సరుకులు వేరు అని మొదటి రోజే తేల్చుకోండి. వేరే డబ్బాలు, వేరే తాళం. మధ్యాహ్నం బియ్యంలోంచి పిడికెడు తీసినా రేపు మాట పడేది వంట అక్కే.

ఏం పెట్టాలి

చాలామంది రాగిజావ ఒక్కటి పెడితే సరిపోతుందనుకుంటారు. రాగి మంచిదే. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, బియ్యంలో ఆ ఊసే ఉండదు. కానీ గ్లాసు జావలో పడే పిండి సుమారు 17 గ్రాములు, బెల్లం ఇంకో 13 గ్రాములు. మొత్తం సుమారు 100 కేలరీలే. రాత్రి నుంచి పన్నెండు గంటలు కడుపు మాడిన పిల్లకు అది గొంతు తడుపుకోవడమే. కాబట్టి జావ పక్కన నమిలేది ఒకటి తప్పకుండా ఉండాలి. ఉడికించిన గుడ్డు, లేదా సెనగ గుగ్గిళ్లు, లేదా వేయించిన పల్లీలు. గుడ్డులోనూ, 30 గ్రాముల సెనగలు నానబెట్టి ఉడికించిన గుగ్గిళ్లలోనూ సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి.

మా బడిలో 60 మంది పిల్లలు. ఆ లెక్కలే చెబుతాను, మీ సంఖ్యకు తగ్గట్టు మార్చుకోండి.

జావకు కిలో రాగిపిండి, 800 గ్రాముల బెల్లం, 12 లీటర్ల నీళ్లు. పిండిని వేడినీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది. ముందుగా చల్లటి నీళ్లలో చిక్కగా కలిపి పెట్టుకుని, మరిగే ఎసట్లో సన్నధారగా పోస్తూ కలపాలి. బెల్లాన్ని వేరే గిన్నెలో కరిగించి వడగట్టి పొయ్యండి. మట్టి, చెరుకు పీచు జల్లెడలో మిగిలిపోతాయి. గుగ్గిళ్లకు సెనగలు 1.8 కిలోలు రాత్రే నానెయ్యాలి.

ఉప్మా అయితే పిల్లకు 60 గ్రాముల లెక్కన 3.6 కిలోల రవ్వ, 600 గ్రాముల పల్లీలు, రెండు కిలోల దాకా ఉల్లి, క్యారెట్, బఠాణీ. గిన్నె రవ్వకు మూడు గిన్నెల నీళ్లు పోసి జారుగానే దించండి, వడ్డించేసరికి గట్టిపడుతుంది. రవ్వను వారం సరుకు మించి తెచ్చిపెట్టకండి. వానాకాలంలో పురుగు పడుతుంది. జల్లించడానికి బద్ధకిస్తే ఒక్క పురుగుతో నెల రోజులు ఎవరూ ఉప్మా ముట్టరు.

పిల్లలకు మా దగ్గర బాగా నచ్చింది పెసరపప్పు కిచిడీ. బియ్యం 2.4 కిలోలు, పెసరపప్పు 1.2 కిలోలు, పసుపు, మిరియాలు, కరివేపాకు, గుప్పెడు మునగాకు. మునగాకు ఊళ్లో ఏ పెరట్లో అయినా దొరుకుతుంది, పిల్లల చేతే తెప్పించుకోవచ్చు. పొయ్యి వెలిగించలేని రోజుకు అటుకులు ఉంచుకోండి. తడిపి, పోపు పెట్టి, నిమ్మకాయ పిండితే పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. నిమ్మ రుచికే కాదు, ఆకుకూర, పప్పుల్లోని ఐరన్ ఒంటికి పట్టడానికీ పనికొస్తుంది. టీ దానికి అడ్డం పడుతుంది. అందుకే టిఫిన్‌తో టీ ఇవ్వడం మేం ఎప్పుడూ ఒప్పుకోలేదు.

ఇడ్లీ, పూరీ జోలికి మొదటి ఏడాది పోకండి. పిండి రుబ్బడం, నూనె కాగబెట్టడం, వంద వాయిలు తియ్యడం, ఇవన్నీ వంట అక్కల నడుము విరిచే పనులు. పూరీ పండగ రోజు పెట్టుకోవచ్చు.

డబ్బు: పెద్ద చెయ్యి ఒకటి కాదు, చిన్న చేతులు నూరు

బడి ఏడాదికి సుమారు 220 రోజులు నడుస్తుంది. 60 మంది అంటే 13,200 ప్లేట్లు. సరుకుల ధర మీ కిరాణా కొట్టులో అడిగి ప్లేటు ఖర్చు మీరే కట్టుకోండి. 10 రూపాయలు పడిందనుకుంటే ఏడాదికి 1,32,000. వంట జీతం, గ్యాస్ దీని మీద అదనం.

ఇక్కడే మేం పెద్ద తప్పు చేశాం. రోజుకో దాత అని లిస్ట్ రాసుకున్నాం. మొదటి వారం స్వీట్లు, అరటిపళ్లు, ఫోటోలు, సందడిగా సాగింది. మూడో వారంలో ఒక దాత మరిచిపోయాడు. ఆ రోజు పొయ్యి వెలగలేదు. అంతకుముందు తల్లులు ఏ నాలుగు మెతుకులో మూత పెట్టి వెళ్లేవాళ్లు. బడిలో పెడుతున్నారు కదా అని అదీ మానేశారు. ఆ పొద్దున పిల్లలు మొత్తానికే ఖాళీ కడుపుతో వచ్చి ప్లేట్లు పట్టుకుని నిలబడ్డారు. ఆ నిలబడటం నేను మరిచిపోలేను. మనం మొదలుపెట్టి ఆపితే, అసలు మొదలుపెట్టని దానికన్నా చెడు జరుగుతుంది.

అందుకని రెండు నెలల ఖర్చు బ్యాంకులో పడేదాకా మొదటి ప్లేటు పెట్టకండి. పైన చెప్పిన లెక్కకు సరుకులకే 26,000 పైచిలుకు అవుతుంది. దాత రోజును కొనుక్కోకూడదు, నెలనెలా నిధికి ఇవ్వాలి. 110 ఇళ్లు నెలకు నూరు రూపాయల చొప్పున పది నెలలు ఇస్తే 1,10,000 వస్తుంది. మిగిలింది కల్లాల దగ్గర అడగండి. నూర్పిళ్ల కాలంలో రైతు చెయ్యి ఉదారంగా ఉంటుంది. బస్తా పెసలు, బస్తా పల్లీలు, ఆవుపాలు, పెరటి గుమ్మడికాయ, ఏదైనా తీసుకుని పుస్తకంలో రాయండి. వెనకటికి కల్లంలో కొలత అయ్యాక అడిగినవాడికి దోసెడు గింజలు పోసే పంపేవాళ్లు. ఆ అలవాటు ఊళ్లో ఇంకా పూర్తిగా పోలేదు.

పైదేశాల్లో ఉన్న ఊరివాళ్లు తప్పకుండా ముందుకొస్తారు. ఒక జాగ్రత్త చెప్పాలి. భారత పౌరులుగానే ఉండి దుబాయ్‌లోనో అమెరికాలోనో పనిచేస్తున్నవాళ్లు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇస్తే అది విదేశీ విరాళం కిందికి వస్తుంది. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ లేని సంఘం దాన్ని తీసుకోకూడదు. అలాంటివాళ్లను ఆ రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ ద్వారానే ఇవ్వమనండి.

ఖాతా ముగ్గురి పేరిట తెరవండి. ఇద్దరి సంతకం ఉంటేనే డబ్బు కదలాలి. ఆ ముగ్గురిలో ఒకరు పొదుపు సంఘం నుంచి వచ్చిన ఆడమనిషి అయితే మంచిది, లెక్క రాయడంలో వాళ్లకున్న అలవాటు మనకు లేదు. నెల లెక్క బడి గోడకు అంటించండి. వాట్సాప్ గ్రూపులో పెట్టడం చాలదు, ఊళ్లో ఫోన్ లేనివాళ్లు కూడా ఇచ్చి ఉంటారు.

వంటగదిలో తప్పకూడనివి

2013 జులై 16న బీహార్‌లోని సారణ్ జిల్లా మశ్రఖ్ దగ్గర ఒక ఊరి బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది. పత్తి, మిర్చి పండే ఊళ్లలో ఆ మందు పేరు చెబితే ఎవరికీ వివరించక్కర్లేదు. మన ఇళ్లలో మందు డబ్బా కడిగి నీళ్లకు, నూనెకు వాడటం ఇప్పటికీ కనిపిస్తుంది. కాబట్టి మొదటి నియమం: దానంగా వచ్చిన నూనెను విప్పిన డబ్బాలో తీసుకోవద్దు, ఎంత దగ్గరివాళ్లు ఇచ్చినా. సీలు ఉన్న ప్యాకెట్ మాత్రమే. వంటగదిలో పురుగుమందు, ఫినాయిల్, ఎలుకల మందు ఏదీ ఒక్క రాత్రి కూడా ఉండకూడదు.

వండినది పిల్లలకు పెట్టేముందు పెద్దవాళ్లు ఇద్దరు తినాలి, అందులో ఒకరు టీచర్. వాసన తేడాగా ఉన్నా, చేదుగా ఉన్నా ఆ గిన్నె మొత్తం పారబొయ్యాలి. డబ్బు పోతుందని వెనకాడొద్దు. ఆ రోజు అటుకులు పెట్టండి. చిన్న మూత గిన్నెలో ఆ రోజు వంటకం కొంచెం తీసి 24 గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. ఎవరికైనా కడుపునొప్పి వస్తే డాక్టరుకు చూపించడానికి ఉంటుంది.

నిన్నటి అన్నం తాలింపు వేసి పెట్టొద్దు. ఇంట్లో మనం తింటాం, కానీ పెద్ద గిన్నెలో రాత్రంతా గోరువెచ్చగా ఉండిపోయిన అన్నంలో సూక్ష్మజీవులు విషం తయారుచేస్తాయి, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. వండిన రెండు గంటల్లోపు వడ్డించడం అయిపోవాలి.

వేడి గిన్నె పిల్లలు నడిచే దారిలో, నేల మీద పెట్టకండి. బల్ల మీద, గోడవైపు పెట్టండి. వడ్డించేది పెద్దవాళ్లే, పిల్లల చేత గరిటె పట్టించొద్దు. మంచినీళ్ల ట్యాంకు ఎప్పుడు కడిగారో తేదీ దాని మీదే రాయండి. సబ్బు నీళ్లను పాత నీళ్ల సీసాలో పోసి మూతకు చిల్లు పెట్టి కుళాయికి వేలాడదీస్తే పిల్లలే పిండుకుని చేతులు కడుక్కుంటారు. సబ్బు బిళ్ల పెడితే రెండో రోజుకే మాయమవుతుంది.

బడి వంటగదిలో కాకుండా విడిగా వండి తెచ్చేటట్టయితే ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ చేయించండి. లాభం లేని వంట అయినా చట్టానికి అది ఆహార వ్యాపారమే.

వడ్డన

అందరూ ఒకే పంక్తి. ఈ మాట సులువుగా రాశాను కానీ కొన్ని ఊళ్లలో ఇదే అన్నిటికన్నా కష్టం. ఫలానా ఆమె వండితే మా పిల్ల తినదు అని ఎవరైనా అంటారు. ఆ ఒక్క మాటకు తగ్గి వంటమనిషిని మార్చారంటే మీరు పెట్టే టిఫిన్‌తో పాటు ఇంకొకటి కూడా పిల్లలకు నేర్పినట్టే. తినకపోతే తినకపోనివ్వండి, ఆ పిల్ల ప్లేటు మాత్రం పంక్తిలో రోజూ ఉంచండి. మా దగ్గర పదకొండో రోజున ఆ పిల్ల తనంతట తానే కూర్చుంది. గుడ్డు తినని పిల్లలకు అరటిపండు ఇవ్వండి, ఎందుకని అడగొద్దు.

దాత వచ్చి పిల్ల చేతికి ప్లేటు ఇస్తూ ఫోటో దిగే పద్ధతి మేం రెండో ఏడాది నుంచి పూర్తిగా మానేశాం. ఇద్దరు దాతలు నొచ్చుకున్నారు. గిన్నెలు, కూరగాయలు, పొయ్యి ఫోటో తీసుకోండి, పిల్లల ముఖాలు వద్దు. ఆ పిల్ల రేపు ఇంటర్‌కు, ఉద్యోగానికి వెళ్తుంది. ఆకలి ఫోటో ఎక్కడో తిరుగుతూ ఉండకూడదు.

టైం సంగతి: బడి గంటకు అరగంట ముందు వడ్డన మొదలవ్వాలి, ప్రార్థనకు ముందే ప్లేట్లు కడిగేసి ఉండాలి. పాఠం సమయం తింటే టీచర్లు పక్షం రోజుల్లో మీకు ఎదురు తిరుగుతారు, అది వాళ్ల తప్పు కాదు.

ఫలితం ఎలా చూడాలి

హాజరు పట్టీ చూడండి, సోమవారం హాజరు ముఖ్యంగా. మూడు నెలలకోసారి బరువు తూయించి, ఎత్తు కొలిపించి పుస్తకంలో రాయించండి. బడికి వచ్చే ఆరోగ్య బృందానికి ఆ పుస్తకం చూపిస్తే ఏ పిల్లకు అదనంగా సాయం కావాలో వాళ్లు చెబుతారు. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో ఇచ్చే నులిపురుగుల మాత్ర అందరూ మింగేలా చూడండి. కడుపులో పురుగులుంటే మీరు పెట్టింది వాటికే పోతుంది.

అక్కచెల్లెళ్ల వెంట మూడేళ్ల, నాలుగేళ్ల చిన్నారులు కూడా వస్తారు. వెనక్కి పంపకండి. వాళ్లకు పల్లీలు గింజల్లాగా ఇవ్వకండి, గొంతులో ఇరుక్కుంటాయి, పొడి చేసి కలపండి. జబ్బ సన్నంగా అనిపించే చిన్నపిల్ల ఉంటే అంగన్‌వాడీ టీచరుకు చెప్పండి. ఆమె దగ్గర చెయ్యి చుట్టుకొలత చూసే టేపు ఉంటుంది. అయిదేళ్లలోపు పిల్లకు అది 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే టిఫిన్‌తో సరిపోయే విషయం కాదు, ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

పదో తరగతి పిల్లలకు చలికాలం నుంచి పరీక్షల దాకా సాయంత్రం ప్రత్యేక తరగతులు ఉంటాయి. మధ్యాహ్నం తిన్నది నాలుగింటికే అరిగిపోతుంది. పొద్దున ఇంకో కిలో సెనగలు నానేసి సాయంత్రం ఉడికిస్తే వాళ్లకూ సరిపోతాయి.

ఇక వేసవి సెలవులు. ఏప్రిల్ చివర బడి మూతపడితే టిఫినూ ఆగుతుంది, మధ్యాహ్న భోజనమూ ఆగుతుంది. మేం ఇంకా వండి పెట్టేదాకా రాలేదు. చివరి పనిరోజున ప్రతి పిల్లకూ కిలో అటుకులు, అరకిలో పల్లీలు, అరకిలో బెల్లం సంచిలో పెట్టి ఇస్తున్నాం, తల్లి చేతికి. నెలాఖరున ఇంకోసారి ఇళ్లకు చేరుస్తాం. ఆ డబ్బు ఏప్రిల్‌లో వెతుక్కుంటే దొరకదు, నూర్పిళ్లప్పుడే పక్కన పెట్టండి. జూన్‌లో బడి తెరిచే ముందు రోజు సాయంత్రం వంటగది తాళం తీసి, గ్యాస్ పైపు మార్చి, ట్యాంకు కడిగించి, రాత్రికి సెనగలు నానెయ్యండి.